బనగానపల్లె ఉషశ్రీ

"ఏమప్పా బ్రమ్మం, ఇంకా లేవలేదా? ఎండ మొగాన కొడతాంటే ఎట్ల పండుకోనుండావ్? లెయ్ ఆచారీ, నీ నందికి ఆకలైతాందంట, ఇంత గడ్డి ఎయ్."

పైకే అనేసినట్టున్నాను. పక్క సీటులో ఉన్నామె నా వైపొకసారి చూసి ఒళ్ళోని బ్యాగును అవతలి పక్కకు మార్చుకుంది. వెంటనే ఫోను తీసి చెవికి ఆనించుకున్నాను. చచ్చిపోయినవాడితో మాట్లాడటానికి ఈ కాలంలో ఇంతకు మించిన వసతి లేదు బ్రహ్మం, చేతిలో ఫోనుంటే పిచ్చివాడనరు, పనున్న మనిషి అనుకుంటారు. నువ్వు పోయి నెల దాటింది, నాకు మాత్రం నీతో జగడం ఇంకా తీరలేదు. నంద్యాల బస్టాండు దాటాం. పల్లెవెలుగు బస్సు, కిటికీ అద్దం దానంతటదే జారిపోతోంది, చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆళ్ళగడ్డ చేరడానికి గంట పడుతుంది. ఈ గంటలో మీ లావణ్యకు చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకోవాలి, ఎందుకంటే నిన్న నీ కూతురు ఫోన్ చేసి, గొంతులో ఏమీ లేకుండా, టమోటా ధర చెప్పినట్టు చెప్పింది. "మామా, షెడ్డు ఖాళీ చేస్తాండాం. నాయన వెబ్‌సైటు గూడా రేపు తీసేస్తా. నీకేమన్నా ఫోటోలు కావాలంటే వచ్చి తీసుకో." "నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు పాపా" అన్నాను, అంతే. షెడ్డు పోతే పోనీ, అది నీది. ఆ సైటు పోతే మాత్రం రేపటి నుంచి నాకు పోయే చోటు లేదు.

నవ్వుతావు నువ్వు. అరచేతిలో అద్దం ముక్క, దాంట్లో నాలుగు బొమ్మలు, అదొక చోటా శెట్టీ అంటావు. మరి నాకున్న చోట్లేవో నువ్వే చెప్పు. నంద్యాలలో మా అన్న కొడుకు మహీధర్ స్టీలు సామాన్ల అంగడికి అద్దాలు బిగించి షోరూం చేశాక, ఫ్యాను కింద నాకొక కుర్చీ వేశాడు. గిరాకీ వస్తే నేను ఊరుకోలేను. ఇడ్లీపాత్ర కొనడానికి వచ్చిన ముసలాయనతో, ఇది కొన్నావంటే ఇడ్లీలు అదే పోసుకుంటాది, ఇంటామెను పుట్టింటికి పంపియ్యొచ్చు అంటే, ముందు పడీపడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఫోనులో ధర సరిచూసుకుంటూ నా మాట వినడం లేదు. "చిన్నాయనా, కొంచేపు గమ్మునుండు" అంటాడు మహీధర్, మెల్లగా అంటాడు, అదే కష్టం. తిడితే తిరిగి తిట్టొచ్చు. పెళ్ళి కాలేదు, చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది, నాకున్నదంతా ఈ నోరే, ఆ నోటికి గిరాకీ పోయింది. రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద గదిలోకి పోతే, గోడ మీద బల్లి కూడా నేను లోపలికి రాగానే ట్యూబులైటు వెనక్కి పోతుంది. దానికి కూడా నేను చెప్పినవన్నీ చెప్పేశాను.

సైటు పెట్టింది మా మహీధర్ చెల్లెలు సాత్విక. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం, పోయినేడు సెలవులకొచ్చి నా గోల పడలేక, "చిన్నాయనా, నీ ఫ్రెండు ఆచారి చెక్కే విగ్రహాలకు ఒక సైటు చేసిస్తా, నువ్వే నడుపుకో" అంది. నేను రేషన్ కార్డే కూడబలుక్కుని చదివేవాణ్ణి పాపా అంటే, "కోడు గీడు రాసే పని లేదు. దీన్ని సీఎంఎస్ అంటారు. ఇల్లు కట్టేసి ఉంటాది, నువ్వు సామాన్లు సర్దుకునేదే" అంది. అది అర్థమైంది నాకు. సర్దడం మా ఇంటి పని. డ్యాష్‌బోర్డంటే గల్లాపెట్టె వెనక కూర్చునే చోటు, వచ్చేవాళ్ళకు కనపడదు. మీడియా లైబ్రరీ అంటే గోడౌను. థీమంటే షోకేసు, మార్చితే సామాను అదే, ముఖం మారుతుంది. పేజీ అంటే అంగడి బోర్డు, ఎప్పుడూ అట్లే ఉంటుంది, పోస్టంటే పొద్దున్నే గడప ముందు పెట్టే కొత్త సరుకు. ప్లగిన్లని పైన తగిలించుకునేవి ఉంటాయి, అప్‌డేటు చెయ్యి, అప్‌డేటు చెయ్యి అని ఎర్ర అంకె చూపిస్తూ చంటిపిల్లల మాదిరి కొంగు పట్టుకుని లాగుతుంటాయి. రాయడం నాకు రాకపోయినా ఫోనుకు చెప్తే అదే రాసిపెడుతుంది. ఆ రాత్రి గదిలో కూర్చుని నేను వినాయకుడి ఫోటో కింద, ఈ పొట్ట మా మహీధర్ పొట్ట చూసి చెక్కింది, మహీధర్‌ది ఇంకా పెద్దది గానీ అంత రాయి దొరకలేదు, అని చెప్పి పబ్లిష్ నొక్కాను. నా మాట ఒకటి అచ్చయినట్టు నిలబడి ఉంది. గమ్మునుండు అని అనలేదు ఎవరూ.

అయ్యలూరు మెట్ట దాటినట్టున్నాం. ఎడమ పక్క నల్లమల కనపడుతోంది, మసక మసకగా, నువ్వు రాయి మీద సుద్దతో మొదట గీసే గీతలాగా.

మనిద్దరికీ సైటు నేర్పడానికి నీ షెడ్డుకొచ్చిన రోజు సాత్విక చివర ఒక మాట చెప్పింది, గుర్తుందా. ఇప్పుడు సైటుకు ముందర పరదా ఉంది, బయటివాళ్ళకు 'త్వరలో' అని మాత్రం కనపడుతుంది, అన్నీ సర్దుకున్నాక ఇది నొక్కితే పరదా లేస్తుంది అని. నేను నొక్కబోయాను. నువ్వు నా చేతి మీద ఒకటి కొట్టావు. "ఆగు శెట్టీ. కళ్ళు తెరిపించేది శిల్పి పని. మంచి పొద్దు చూసి నేనే నొక్కుతా." నీకు ముందు నుంచీ ఆ పట్టింపే. ఒళ్ళంతా చెక్కి కళ్ళు మాత్రం ఆఖరికి వదిలేసేవాడివి, కళ్ళు తెరిచిన బొమ్మ గుడికి పోవాలి గానీ ఫోనులోకి కాదనేవాడివి, అందుకే మన సైటంతా కళ్ళు లేని దేవుళ్ళే. తర్వాత ఒకరోజు నేను షెడ్డులో కాలు పెట్టగానే, "తెరిచినా శెట్టీ, చూస్కో" అన్నావు. నా ఫోనులో చూశాను. అంతా కనపడింది. ముందు రోజు కూడా అంతా కనపడిందన్న సంగతి నాకు తట్టలేదు.

నిన్ను ఆటపట్టించాలని ఉషశ్రీని పుట్టించింది ఆ వారంలోనే. సైటులో కామెంటు రాయాలంటే సభ్యులుగా చేరాలి, చేర్చే తాళంచెవి నీ దగ్గరొకటి, నా దగ్గరొకటి. దొంగతనంగా ఒక పేరు చేర్చాను, ఉషశ్రీ, బనగానపల్లె, మామిడితోటల వాళ్ళ కోడలు. ఆమె చేత రాయించాను. 'అయ్యా, మా అత్తగారి విగ్రహం కావాలి. నోరు మూసుకుని ఉండేటట్టు చెక్కగలరా?' మర్నాడు నీ జవాబు. 'చెక్కుతాము అమ్మా. రాతికైతే సాధ్యమే.' ఆ రోజు బస్సులో నవ్వీనవ్వీ పొలమారింది, కండక్టరు నీళ్ళిచ్చాడు. షెడ్డుకొచ్చి నీ ఎదురుగా కూర్చుని, "ఏమప్పా, కొత్త గిరాకీ ఏమన్నా తగిలిందా" అని అడిగితే, "ఎవరో బనగానపల్లె ఆమె శెట్టీ, మంచి పిల్ల మాదిరుంది, పాపం కష్టాల్లో ఉండాది" అన్నావు, మొహం రాయిలాగా పెట్టుకుని. లోపల్లోపల నేను ఎంత పొంగిపోయానో. ఆళ్ళగడ్డ శిల్పిని బుట్టలో వేసిన మొనగాణ్ణి కదా.

ఆ తర్వాత నిజంగానే జనం వచ్చారు. ఆనందరావని కర్నూలు ఆయన, రిటైరైన తహశీల్దారు. వచ్చీ రాగానే ఉషశ్రీ మీద పడ్డాడు. 'అమ్మా, అత్తగారిని అట్లా అనవచ్చునా? ముందు మీ నోటికి ఒక విగ్రహం చేయించుకోండి.' నేను ఊరుకుంటానా, ఉషశ్రీ చేత నాలుగు పెట్టించాను. ఆయన ఎనిమిది పెట్టాడు. తర్వాత ఫెబా అని గుంటూరు నర్సమ్మ చేరింది. 'మీరిద్దరూ గమ్మునుంటే మేం బొమ్మను చూస్తాం' అని రాసింది. గమ్మునుండమనేది మన సీమ మాట, గుంటూరు పిల్ల అట్లా అంటుందా అని నాకప్పుడు తోచలేదు. తోచడానికి తీరిక ఎక్కడిది, పొద్దున లేస్తే ఆనందరావు ఏమన్నాడో చూడాలి, ఫెబా ఎవరి పక్షమో చూడాలి. రానురాను తగాదా మెత్తబడింది. ఉషశ్రీ గారూ ఆరోగ్యం ఎట్లుంది అని అడిగేవాడాయన. రెండు రోజులు నాకు జ్వరమొచ్చి ఏమీ రాయకపోతే, 'ఉషశ్రీ గారు లేని సైటు ఉప్పు లేని పప్పులాగా ఉంది' అని రాశాడు. దుప్పటి కప్పుకుని ఆ మాట మళ్ళీ మళ్ళీ చదివాను బ్రహ్మం. ఆడ పేరుతో ఉన్నా, అది నన్నే కదా అడిగింది. మా ఇంట్లో జ్వరం మాత్రలు ఇచ్చారు, ఇవ్వలేదనను. ఉప్పు లేదని మాత్రం ఎవరూ అనలేదు.

మన సైటు ఎంత శుభ్రమైనదో కూడా నీకు గొప్పగా చెప్పేవాణ్ణి. చెత్త కామెంట్లు కుప్పలుగా వస్తాయి, రోజూ ఊడవాలి అని సాత్విక భయపెట్టింది, ఒక్కటి రాలేదు. ఆర్డర్ల ఫోన్లు వస్తున్నాయా అని అడిగితే, "వస్తాండాయ్ శెట్టీ, నేనే వద్దంటాండా. చేతినిండా పనుండాది గదా" అన్నావు. షెడ్డులో ఉన్నది ఒక్క నంది. నల్లరాతి నంది, మూపురం మీద చెయ్యి వేస్తే చల్లగా జారేది, మెడలో గంటల పట్టెడ, కాలి గిట్టలు, అంతా అయింది, కళ్ళు లేవు. చేయించుకునేవాళ్ళు ముహూర్తం పెట్టలేదు అన్నావు. ఎన్ని నెలలు పెట్టలేదు బ్రహ్మం. టీ వచ్చేది, నాకు చక్కెర లేకుండా, నీకు నా వాటా కూడా కలిపి. గ్లాసును నువ్వు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాక, "ఏందప్పా, టీకి దండం పెడతాండావా" అన్నాను. "నీ మొగం చూస్తా తాగేది గదా, దేవుడు కాపాడాలని" అన్నావు. ఇద్దరం నవ్వాం. గ్లాసు లోపల టీ వణికింది. నేను చూశాను. చూసి, బస్సులో మర్చిపోయాను.

నా కోపమంతా ఆనందరావు మీద, ఫెబా మీద. నువ్వు పోయిన మూడోనాడు నేనే ఫోనుకు చెప్పాను, గొంతు బాగలేక అది రెండుసార్లు తప్పు రాసింది, సరిచేసి పెట్టాను. మా వీరబ్రహ్మం ఆచారి కాలం చేశాడు అని. కింద ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. నెల నుంచీ పొద్దునా సాయంత్రం తీసి చూస్తున్నాను. అంత అన్యోన్యంగా మాట్లాడినవాళ్ళు, మనిషి పోతే అయ్యో అనలేరా. అయినా లావణ్యకు నేను చెప్పాలనుకున్నది ఇదే, చదివేవాళ్ళున్నారు పాపా, ఏదో పనుల్లో ఉండి రాలేదు, వస్తారు, వచ్చేసరికి ఇల్లు లేకపోతే ఎట్లా అని.

పక్కామె ఫోనులో ఎవరో వంకాయలు వేయిస్తున్నారు. నా నోరు ఊరుకుంటే నేను సుబ్బరామయ్యనే కాదు.

"ఏం టీచరమ్మా, ఆ కూర ఎంతసేపు చూసినా అన్నంలోకి రాదు గదా."

ఆమె తలెత్తింది. "నేను టీచర్నని నీకెట్ల తెలుసన్నా?"

"బస్సు ఆగినప్పుడల్లా ఎక్కినోళ్ళను వేలితో లెక్కేస్తాండావ్. అటెండెన్సు గదా అది."

నవ్వేసింది. పేరు రూతు, ఆళ్ళగడ్డలో హైస్కూలు టీచరు. ఫోను చెవికి పెట్టుకుని ఇంతసేపూ ఒక్కణ్ణే మాట్లాడుతున్నానని ఆమెకు తెలిసిపోయిందో ఏమో, బ్యాగును మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆళ్ళగడ్డ శిల్పుల్లో మా బ్రహ్మం చెయ్యి వేరు, సైటుంది, నీ ఫోనులో కొట్టి చూడు అని పేరు చెప్పాను. కొట్టింది. నా వైపు తిప్పింది. బూడిదరంగు తెర, మధ్యలో ఒక ఉలి బొమ్మ, కింద 'త్వరలో' అని ఒక్క మాట.

"నెట్టు లేనట్టుంది, శిరివెళ్ల మెట్ట దాటినాక చూడు" అన్నాను.

శిరివెళ్ల మెట్టలో ఆటోలు, జొన్నపొత్తులు కాల్చే పొగ, ఇద్దరు దిగారు, నలుగురు ఎక్కారు, బస్సు మళ్ళీ కదిలింది. ఆమె మళ్ళీ కొట్టింది. అదే ఉలి.

"నీ ఫోనుకే ఏదో అయింది. ఇదో, నాది చూడు. వినాయకుడు. నంది. మరి ఇదేంది?"

రూతు నా ఫోను తీసుకుని, పిల్లవాడి కాపీ చూసినట్టు చూసింది. "పైన నల్లపట్టీ ఉండాది చూడన్నా. 'నమస్తే సుబ్బరామయ్య' అని. అంటే నువ్వు లాగినై ఉండావ్. మా స్కూలు సైటు గూడా ఇట్లనే మొదట్లో, లోపలుండేవాళ్ళకు అంతా కనపడేది, బయటోళ్ళకు పరదానే. దీన్ని ఎవరూ ఎప్పుడూ తెరిచినట్టు లేరే."

"తెరిచినాడమ్మా. మావాడు తెరిచినానని చెప్పినాడు."

ఆమె ఫోనును నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసుకునేదాకా పట్టుకుంది.

పరదా లేవలేదు. లేవకపోతే బయటివాళ్ళు రాలేరు. చేరండి అన్న మాటే వాళ్ళకు కనపడదు. చెత్త ఊడ్చేవాడికి కూడా దారి దొరకని ఇంట్లోకి, కర్నూలు నుంచి తహశీల్దారు ఎట్లా వచ్చాడు. తాళంచెవులు రెండే. నా దానితో నేను ఒక ఆడమనిషిని దొంగదారిన లోపలికి తెచ్చాను, ఎంత తెలివైనవాణ్ణో అనుకుంటూ. నీ దగ్గర కూడా ఒకటుందని నాకు గుర్తే లేదు. బ్రహ్మం, ఆనందరావు ఈ నెలంతా ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది. చచ్చిపోయినవాళ్ళు రాయరు.

నల్లగట్ల. రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోశారు, బస్సు దాన్ని తప్పించుకుంటూ పోతోంది. ఎందుకు చేశావని అడగను, ఆ గ్లాసు వణకడం నేను చూశాను కదా. ఉలి కంటి మీదికి పోయేసరికి చెయ్యి నీ మాట వినడం లేదు. పరదా లేస్తే ఊళ్ళ నుంచి జనం ఫోన్లు చేస్తారు, నాకు చేతకాదప్పా అని ఒక్కొక్కరికీ చెప్పుకోవాలి, అది నీ వల్ల కాదు. కాబట్టి తెరవలేదు. ఎవరికీ చెప్పకుండా అట్లే వదిలేయొచ్చు నువ్వు. కానీ లోపల నేనున్నాను. అంగట్లో కుర్చీలో కూర్చుని మాట్లాడుకున్నట్టు, ఖాళీ ఇంట్లో ఒక్కణ్ణే జోకులు వేసుకుంటూ, తెల్లారి లేచి ఎవరన్నా నవ్వారా అని చూసుకుంటూ. నువ్వు చూశావు. చూసి, వణికే చేత్తోనే నాకు ఎదురుగా ఒక మనిషిని చెక్కి కూర్చోబెట్టావు. తగాదా పడే మనిషిని, ఆరోగ్యం అడిగే మనిషిని. ఇంకొకటి. ఉషశ్రీ ఎవరో మొదటి రోజే నీకు తెలుసు, లోపలికి రాగలిగింది మనమిద్దరమే కదా. రాయిలాంటి మొహం పెట్టుకుని, పాపం కష్టాల్లో ఉండాది అన్నావే, అది నన్ను.

నాకు నవ్వొచ్చింది. కళ్ళు కూడా కారాయి, కిటికీలోంచి దుమ్ము. నేనొప్పుకోను బ్రహ్మం. ఆఖరి దెబ్బ నాదే కావాలి. నీ మీద కుదరదు కాబట్టి నీ కూతురి మీద. ఆళ్ళగడ్డ దగ్గరపడుతోంది, రాతి మిషన్ల చప్పుడు వినపడుతోంది. పైతువ్వాల ఫోనుకు అడ్డం పెట్టి, ముక్కుతో, ఆడగొంతు చేసి లావణ్యకు ఫోన్ చేశాను. రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఏమండీ, ఆనందరావు గారున్నారాండీ? నేను బనగానపల్లె నుంచి ఉషశ్రీని."

అవతల రాతి గ్రైండరు చప్పుడు మాత్రం. తర్వాత గొంతు, నిన్నటిది కాదు, తడి గొంతు.

"ఆనందరావు గారు లేరండీ. పోయినారు. నేను ఫెబాని మాట్లాడతాండా."

నాయన పోయిన పిల్లను పట్టుకుని, అయ్యో అనలేదని నెల నుంచీ తిట్టుకుంటున్నాను నేను.

"సైటు తీసేస్తాండారంట?" అన్నాను, ఎట్లాగో.

"తీసేద్దామనే అనుకున్యాండీ. నాయన చెప్తాంటే నేను ఫోన్లో కొట్టేదాన్ని, సందులో నాది గూడా ఒక మాట కలిపేదాన్ని. ఆయప్ప పోయినాక ఎవరితో మాట్లాడాల, ఎవరొస్తార్లే అనుకున్యా. మీరొస్తారని యాడ తెలుసు?"

"వస్తాండా తల్లీ. తెరవొద్దు, తీసేయొద్దు. అట్నే ఉండనీ."

"ఉంటాదిలే. మీరు బేగా రాండి, టీ పెట్టినా." ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దాని వెనక, బ్రహ్మం, అచ్చం నీ నవ్వు. "చక్కెర ఎయ్యలేదు. ఉషశ్రీ గారికి షుగరుందని ఆనందరావు గారు మొదటి రోజే చెప్పినాడు."